ఐదో మలుపు దగ్గరి తెల్లగీత

ఇప్పటిదాకా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. వనపర్తి దగ్గరి మోటార్‌సైకిల్ ట్రాక్‌లో పదహారేళ్లు మలుపులు తిప్పడం నేర్పాను. పని మానిన రోజు శాలువా కప్పి ఫోటో తీశారు. ఆ ఫోటోలో శాలువా పూర్తిగా పడింది, నేను సగమే పడ్డాను. ఆఫీసు గోడ మీద ట్రాక్ చరిత్ర రాసిన బోర్డు ఒకటి ఉంది. దాంట్లో రంగులు వేసినవాళ్ల పేరుంది, టెంట్లు కట్టినవాళ్ల పేరుంది. నా పేరు లేదు. బహుశా స్థలం చాలలేదేమో. కింద జానెడు ఖాళీ అయితే ఉంది.

ఐదో మలుపు గురించి ట్రాక్ మేనేజరుకు పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికి మాత్రం జవాబు వచ్చింది. ఫోనులో బొటనవేలి బొమ్మ. అది సరేనన్నట్టో, పొమ్మన్నట్టో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. అందుకే ఇది ఉత్తరంగా కాక, ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. వాళ్లయినా చదువుతారు. మేనేజరు చదివితే అది వారి దయ.

పని ఏమిటంటే

ట్రాక్ అంటే వేగం అనుకుని వస్తారు. మా పని వేగం నేర్పడం కాదు. మనిషి ఎక్కడ తొందరపడతాడో అక్కడ ఆపడం, భయం ఎటు చూడొద్దంటుందో అటు చూపించడం. అంతే.

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి తోలు సూట్లు వేసుకుని దిగుతారు. నన్ను మొదట అడిగేది ఒక్కటే, మలుపులో మోకాలు నేలకు ఎట్లా ఆనించాలని. మోకాలు ఆనించడానికి అంత దూరం రావడం ఎందుకు, దారిలో గుళ్లు ఉన్నాయి కదా అనేవాణ్ణి. కొందరు నవ్వేవారు. కొందరు మేనేజరుకు ఫిర్యాదు చేసేవారు. ఆ ఫిర్యాదులకు మాత్రం అదే రోజు జవాబు వచ్చేది.

మా ట్రాక్‌కు తొమ్మిది మలుపులు. లారీ టైర్లను పరీక్షించడానికని ఎవరో వేయించారు, ఆ కంపెనీ రాలేదు, మోటార్‌సైకిళ్లు వచ్చాయి. వచ్చినవాళ్లను మూడు గుంపులు చేస్తాం. నెమ్మది, మధ్య, వేగం. ఏ గుంపులో ఎవరుండాలో శిక్షకుడు చెబుతాడు. ఈ పనిలో ఉన్న అధికారం ఇదొక్కటే, దీన్ని జాగ్రత్తగా వాడండి.

నేర్పేది కూడా చాలా లేదు. మలుపుకు ముందు, బండి నిటారుగా ఉన్నప్పుడే బ్రేకు వేసి వేగం తగ్గించాలి. వంచుతున్న కొద్దీ బ్రేకు కొంచెం కొంచెంగా వదలాలి. టైరుకు ఉండే పట్టు ఒక్క జొన్నరొట్టె అనుకోండి. బ్రేకు సగం తినేస్తే వంపుకు మిగిలేది సగమే. రెండూ పూర్తి రొట్టె అడిగితే బండి మిమ్మల్ని కింద పెడుతుంది. మలుపులోకి బయటి అంచు నుంచి రావాలి. తొందరపడి లోపలికి తిరగొద్దు. మలుపు అవతలి కొస కనబడేదాకా బయటే ఓపిక పట్టి, అప్పుడు తిరగాలి. లోపలి అంచును మలుపు సగం దాటాక తాకాలి, ముందే కాదు. ముందే తాకినవాడికి బయటికి వచ్చేటప్పుడు రోడ్డు అయిపోతుంది. ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

బసప్ప చేతిలో నా చెవి

ఇది నాకు నేర్పింది బసప్ప. గద్వాలలో మెకానిక్ షెడ్డు ఉండేది ఆయనకు, ఊరు రాయచూరు వైపు, మాటలో సగం కన్నడం. బండి బాగుచేశాక రాయచూరు రోడ్డు మీద నడిపి చూడటానికి నన్ను పంపేవాడు, తాను వెనక కూర్చునేవాడు. మలుపు వస్తుంటే నేను ముందు చక్రం వైపు చూసేవాణ్ణి. వెనక నుంచి నా చెవి పట్టుకుని మలుపు అవతలి వైపుకు తిప్పేవాడు.

"ఎల్లి నోడ్తీరా? గుంత దిక్కు జూస్తే గుంతలకే పోతవ్. ముందుకు నోడు."

నోడు అంటే చూడు. కన్ను పోయిన చోటికే బండి పోతుందని తర్వాత పెద్ద పెద్ద శిక్షకులు తెరల మీద బొమ్మలేసి చెప్పారు. నాకు అది ఎడమ చెవి ద్వారా ముందే తెలుసు. ఒకసారి షెడ్డు నిండా జనం ఉండగా బసప్ప, "వీనికి చేతులున్నయి గని కండ్లు లెవ్వు" అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు. ఎవరెవరు నవ్వారో కూడా గుర్తుంది. కానీ ఆ మాటనే పదహారేళ్లు నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. బాగా పనిచేస్తుంది.

లేని పల్లికాయ

మా వైపు వాళ్లు ట్రాక్‌కు వస్తే ఒకే తప్పు చేసేవారు. ఎంత చెప్పినా బయటి అంచుకు పోయేవారు కాదు. రోడ్డు నడుమ నుంచే మలుపులోకి దూరేవారు. బయటి అంచున బారెడు వెడల్పున తారు ఖాళీగా ఉన్నా అది పరాయి సొత్తయినట్టు వదిలేసేవారు. రెండేళ్లు అరిచాను. మేనేజరు ప్రభాకర్ గారు, ఈ లోకల్ వాళ్లకు రాదు, నెమ్మది గుంపులోనే ఉంచెయ్యండి అన్నారు. నేనూ ఒప్పుకున్నాను. నేనూ ఆ లోకల్ వాణ్ణేనన్న సంగతి ఆయన మరచిపోయారు. సిగ్గుపడాల్సిన విషయమేమిటంటే, నేనూ మరచిపోయాను.

తర్వాత బల్మూరు నుంచి కిష్టయ్య అని పల్లికాయ రైతు ఒకడు పాత బండి వేసుకుని వచ్చాడు. అతనూ అంతే. మూడు రౌండ్లు అయ్యాక ఆపి, అంత రోడ్డు ఎవరికోసం వదిలిపెట్టావని అడిగాను.

"అలవాటు సార్. గాడ పల్లికాయ ఉంటది."

ఇక్కడ లేదు కదా అన్నాను.

"లేకున్నా ఉంటది సార్" అన్నాడు, కొంచెం నొచ్చుకుని.

అప్పుడు నాకు వెలిగింది. మా దగ్గర కోతలయ్యాక సగం రోడ్డు కల్లమే. ఒక పక్కన వడ్లో, మక్కలో, పల్లికాయో పోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. బండి రెండో పక్క నుంచి పోవాలి. పదేళ్ల వయసులో సైకిలు నేర్చుకున్నప్పటి నుంచి ఆ గింజల మీదికి చక్రం పోనిచ్చిన వాడు మా ఊళ్లల్లో లేడు. ఒకరి తిండి అది. కళ్లకు అంచు కనబడితే చాలు, చేతులు వాటంతటవే తప్పించుకుంటాయి. రెండేళ్లు నేను అరిచింది తెలివిలేనితనం మీద కాదు, మర్యాద మీద.

గింజలు లేని చోట గింజలు కనబడుతున్నాయంటే, నాకు కావలసిన చోట కనబడేట్టు చేస్తే సరిపోతుంది కదా. ఐదో మలుపు కుడివైపుకు తిరుగుతుంది, పోను పోను ఇరుకవుతుంది, నడుమ చిన్న ఎత్తు ఉండటంతో అవతలి కొస ఆలస్యంగా కనబడుతుంది. అక్కడ లోపలి పక్కన, మలుపు మొదటి సగమంతా, పసుపుపచ్చ మట్టి నీళ్లలో కలిపి చీపురుతో పూశాను. వడ్లు ఆరబోసినట్టే ఉండాలని అంచులు గుండ్రంగా తిప్పాను, రాళ్ల కోసం సుద్దతో చుక్కలు పెట్టాను. కుడిపక్కన వడ్లుంటే ఎడమపక్క ఖాళీ అన్నది మా వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

కిష్టయ్యను పొమ్మన్నాను. తనంతట తానే బయటి అంచుకు జరిగాడు, పచ్చరంగు అయిపోయేదాకా అక్కడే ఓపిక పట్టాడు, తర్వాత తిరిగాడు. లోపలి అంచును సరైన చోట తాకి, రేజు ఇచ్చి వేగం పెంచుకుంటూ తేలిగ్గా బయటికొచ్చాడు. మళ్లీ మళ్లీ అట్లాగే. చివరికి నా దగ్గర ఆపి హెల్మెట్ తీసి, చాలా గంభీరంగా అడిగాడు.

"ఎవరియి సార్ ఆ వడ్లు?"

ఆ రోజు నుంచి దాని పేరు కల్లం. ఎండకు వెలిసిపోతే మళ్లీ పూసేవాణ్ణి. దానితో మధ్య గుంపుకు, అక్కడి నుంచి వేగం గుంపుకు ఎక్కిన మా జిల్లాల వాళ్లు చాలామంది. ప్రభాకర్ గారు మాత్రం చూసిన ప్రతిసారీ, ఇది ట్రాకా, వ్యవసాయ మార్కెట్టా అనేవారు. తేదీతో సహా చెప్పగలను గానీ, వదిలేస్తాను.

గీత

ఇక తెల్లగీత. ప్రతి మలుపుకు ముందు బయటి అంచున అడ్డంగా ఒక తెల్లగీత ఉంటుంది. ఇక్కడ తిరగడం మొదలుపెట్టు అని దాని అర్థం. కొత్తవాళ్లు దాన్ని నమ్ముతారు, నమ్మాలనే పెడతాం. ఐదో మలుపు దగ్గరి గీత పద్దెనిమిది అడుగులు ముందుగా ఉంది. చిన్న బండి మీద నెమ్మదిగా వస్తే పరవాలేదు. పెద్ద బండి మీద వచ్చి ఆ గీత దగ్గర తిరిగితే, లోపలి అంచు ముందే తగులుతుంది, మలుపు ఇరుకయ్యే చోట బండి బయటికి పోతుంది, అక్కడ కంకర, దాని వెనక కాలువ.

పెద్ద బండ్లు రావడం మొదలైన ఏడాదే నాకు ఇది తెలిసింది. ఉత్తరం రాశాను. గీత తప్పు చోట ఉంది, పద్దెనిమిది అడుగులు జరపాలి. జవాబు లేదు. ఇంకొకటి రాశాను. ఈలోగా కల్లం పూయడం మొదలైంది, గీతను ఎవరూ పట్టించుకోవడం మానేశారు, అందరి కళ్లూ పచ్చరంగు మీదే. దానితో నేనూ ఏడాదికో ఉత్తరంతో సరిపెట్టాను. రాసిన తృప్తి రాసినవాడికి మిగిలేది, గీత గీతకు మిగిలేది.

ఇంకో సంగతి ఉంది. దానికి వస్తాను.

రేణుక

రేణుక మన్ననూరులో ఫారెస్టు బీట్ ఆఫీసరు. నల్లమల ఘాట్ మలుపుల్లో రోజూ బండి మీద తిరిగే పని. పులుల అడవిలో వేగంగా పోకూడదు, హారన్ కొట్టకూడదు, కాబట్టి మలుపు అవతల ఏముందో కన్నే చూసుకోవాలి. నా దగ్గరికి వచ్చినవాళ్లందరిలో మోకాలి గురించి అడగనిది ఆమె ఒక్కతే. బయట అంచున ఓపిక పట్టడం ఆమెకు మొదటి రోజే వచ్చేసింది. ఓపికగా చూడటమే ఆమె ఉద్యోగం.

ఆమె ఊరికే రాలేదు. కొత్తగా చేరే ఆడ బీట్ ఆఫీసర్లకు బండి నేర్పే పని ఒకటి వాళ్ల దగ్గర మొదలవుతోంది. దానికి మా ట్రాక్ వేగం గుంపు సర్టిఫికెట్ కావాలి. ఇప్పుడు నేర్పే మగవాళ్లు, పడితే లేవండమ్మా అనడం తప్ప ఏమీ చెప్పరని నవ్వుతూ చెప్పేది.

నిరుడు ఒక ఆదివారం ఆమెను వేగం గుంపులోకి ఎక్కించాను, ట్రాక్ వాళ్ల పెద్ద బండి ఇప్పించాను. అదే రోజు హైదరాబాద్ నుంచి అతిథులు వచ్చారు, పైనుంచి వీడియో తీయడానికి డ్రోన్ తెచ్చారు. పచ్చరంగు వీడియోలో అసహ్యంగా ఉంటుందని ప్రభాకర్ గారు ముందు రోజు ట్యాంకర్ తెప్పించి కల్లాన్ని కడిగించారు. తెల్లగీతలకు కొత్త రంగు వేయించారు. నాకు చెప్పలేదు. పొద్దున వచ్చేసరికి ఐదో మలుపు నల్లగా నిగనిగలాడుతోంది, ఆ గీత ఒక్కటే తళతళా మెరుస్తోంది. కల్లం లేకుండా ఆ గీత ప్రమాదమని ప్రభాకర్ గారితో అన్నాను.

"ఒక్క రోజు అంజయ్యా, ఒక్క రోజు. అతిథులున్నారు."

నేను గట్టిగా ఆపించాలి. ఆపించలేదు. కుర్చీలో కూర్చున్నాను. అతిథులకు సోఫాలు వేశారు, నాకు చేయి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నేను దాని గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి.

రెండో రౌండులో రేణుక గీత దగ్గర తిరిగింది. నేర్పినట్టు, గీతను నమ్మి. లోపలి అంచు ముందే తాకింది, కంకరలోకి పోయింది, కాలువ దగ్గర పడింది. భుజం ముందరి ఎముక విరిగింది.

ప్రమాదాల రిజిస్టరులో ఆ సాయంత్రమే రాశారు, రైడరు పొరపాటు అని. సొంత పొరపాటుతో పడ్డవాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వకూడదని ట్రాక్ నియమం. ఆ రాత కింద మేనేజరు సంతకం ఉంది. దాని పక్కన శిక్షకుడి సంతకం ఉండాలి. అది కూడా ఉంది. చదవకుండా పెట్టానని చెప్పుకోవచ్చు. చదివే పెట్టాను. రోజూ పెట్టే సంతకమే అనుకున్నాను.

దవాఖానలో

మర్నాడు వనపర్తి దవాఖానకు పోయాను. చేతికి పట్టీ కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. నా పదకొండు ఉత్తరాల సంగతి మొదలుపెట్టాను. కల్లం కడిగించడం, డ్రోను, సోఫాలు, బొటనవేలు, అన్నీ వరసగా చెప్పాను. ఆమె మొత్తం విన్నది. అడవిలో అడుగుజాడలు చూసేవాళ్లు మధ్యలో మాట్లాడరు. చివరికి ఒక్కటే అడిగింది.

"అంత తప్పు జాగల ఆ గీత ఎవరు వెట్టిన్రు సార్?"

నేను కిటికీ వైపు చూశాను. బసప్ప ఉంటే చెవి పట్టి తిప్పేవాడు.

పదకొండు ఉత్తరాల్లో ఎక్కడా నేను రాయని సంగతి అదే. ఆ గీత పెట్టింది నేను. ట్రాక్ మొదలైన ఏడాది, నా చిన్న బండి మీద పదిసార్లు తిరిగి, నడిచి కొలిచి, సుద్దముక్కతో గుర్తుపెట్టి రంగు వేయించింది నేను. ఆ రోజు ఉన్న బండ్లకు అది సరైనదే. పెద్ద బండ్లు వచ్చాక తప్పయింది. నేను పెట్టింది తప్పయింది, జరపండి అని ఒక్క మాట రాస్తే మేనేజరు జరిపేవారో లేదో తెలియదు. నేనే ఒక పొద్దున సుద్దముక్క పట్టుకుని పోయి జరిపితే ఎవరు అడ్డుపడేవారు? కానీ నన్ను అడగాలి. అడిగితేనే చెబుతాను. అడగనివాళ్ల కోసం పదకొండు ఉత్తరాలు రాశానే గానీ, ఒక సుద్దముక్క ఖర్చుపెట్టలేదు.

నేనే పెట్టానని చెప్పాను. రిజిస్టరులో సంతకం సంగతీ చెప్పాను. ఆమె కోపపడుతుందనుకున్నాను. కోపపడితే నాకు తేలిగ్గా ఉండేది, ఎదురు ఫిర్యాదు ఏదో ఒకటి గుర్తొచ్చేది.

"నేను నేర్చుకున్నట్టే తిప్పిన సార్. మాదిక్కు పిల్లలకు ఇగ గిట్ల చెప్త, గీత కంటె ముందు కన్నును నమ్మున్రి అని. గని చెప్పాలంటె ఆ కాయితం గావాలె గద. జర ఆ మాట కొట్టేపియ్యున్రి" అన్నది.

పన్నెండోది

ఆ సాయంత్రమే పన్నెండో ఉత్తరం రాశాను. అన్నిటికంటే చిన్నది. గీత పెట్టింది నేను, పెద్ద బండ్లకు అది తప్పని తెలిసీ పేరు పోతుందని ఒప్పుకోలేదు, రిజిస్టరులో నా సంతకం తప్పు, రేణుక పొరపాటు లేదు, ఆ రాత కొట్టివేయండి, గీత జరపండి. మర్నాడు నేనే సుద్దముక్కతో పోయాను. గేటు దగ్గర ఆపారు. మేనేజరు అనుమతి లేనిదే లోపలికి పోనివ్వొద్దని చెప్పారట. పదహారేళ్లలో నన్ను గేటు దగ్గర ఆపడం అదే మొదటిసారి. ఆపాల్సిన రోజుల్లో ఎవరూ ఆపలేదు. రెండు నెలలకు శాలువా కప్పారు.

రేణుక ఎముక అతికింది. మళ్లీ ఘాట్ మీద తిరుగుతోంది. రిజిస్టరులో ఆ రాత అట్లాగే ఉంది కాబట్టి నేర్పే పని మాత్రం రాలేదు, అందులో ఇంకా ఆ మగవాళ్లే ఉన్నారు. కిష్టయ్య మొన్న ఫోను చేసి, కల్లం లేదు గాని మక్కలున్నట్టే తిప్పుతున్నానని చెప్పాడు. మిగతావాళ్లు ఏం చేస్తున్నారో తెలియదు.

పిల్లలూ, మీరు పెట్టిన గుర్తును ఏడాదికి ఒకసారైనా కొత్త బండి మీద మీరే వచ్చి చూసుకోండి. తప్పని తెలిసిన రోజు ఉత్తరం రాయకండి, ముందు సుద్దముక్క తీయండి. సంతకం పెట్టేముందు పడ్డవాళ్ల దగ్గరికి పోయి రండి. నా అనుభవమంతా ఇంతే. మిగతాదంతా నాకు జరిగిన అవమానాల జాబితా, అది వేరే పుస్తకమవుతుంది.

ప్రభాకర్ గారూ, ఇది మీకే. నాకు జవాబు ఇవ్వకపోవడం మీకు అలవాటు, జవాబు లేకుండా ఉండటం నాకూ అలవాటే. ఈసారి నాకు రాయకండి. మన్ననూరుకు, రేణుక పేరిట, ఆ రాత కొట్టేశామని రాయండి. నకలు ఒకటి నాకు పంపండి, ఎందుకంటే నేను మరచిపోను. బొటనవేలు వద్దు, మాటల్లో రాయండి. నా తప్పు నేను ఒప్పుకున్నాను, కాబట్టి ఇక మీరు దాక్కోవడానికి నా వెనక చోటు లేదు. వచ్చే ఆదివారం ఎవరో కొత్తవాళ్లు పెద్ద బండి మీద వచ్చి ఆ గీతను నమ్ముతారు. దాన్ని జరుపుతారా, జరపరా?